మేయర్ చేతికి అత్యవసర అధికారాలు: మీ ఊరి ఆర్డినెన్స్‌ను అంచెలంచెలుగా రాసుకోవడం ఎలా

2005 ఆగస్టు 27, శనివారం. కత్రినా తుపాను గల్ఫ్‌లో బలపడుతూ న్యూ ఓర్లీన్స్ వైపు వస్తోంది. ఊరు ఖాళీ చేయమని తప్పనిసరి ఉత్తర్వు ఇవ్వవచ్చా, ఇస్తే హోటళ్లు, వ్యాపారాలు మూయించినందుకు నగరం నష్టపరిహారం కట్టాల్సి వస్తుందా అని మేయర్ రే నాగిన్ తన న్యాయ విభాగాన్ని అడిగినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. ఉత్తర్వు ఆదివారం ఉదయం వెలువడింది. సోమవారం ఉదయానికే తుపాను తీరం దాటింది. కారు లేనివాళ్లు, మంచాన ఉన్నవాళ్లు, చివరి బస్సు అందనివాళ్లు ఊళ్లోనే మిగిలిపోయారు.

ఆలస్యానికి వేరే కారణాలు చాలానే ఉన్నాయి. నన్ను మాత్రం ఆ శనివారం ప్రశ్నే వదలదు. తుపాను తలుపు తడుతుంటే ‘నాకు ఈ అధికారం ఉందా?’ అని మేయర్ లాయర్లను అడగాల్సి వచ్చిందంటే, రాసుకోవాల్సిన కాగితం ముందే సరిగ్గా రాసుకోలేదన్నమాట.

నేనుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఒక చిన్న నగరంలో. మా ఊరి నిబంధనలను సమీక్షించే పౌరుల కమిటీలో కొన్నాళ్లు పనిచేశాను. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఓటు వేస్తున్నారు, కౌన్సిల్‌కు పోటీ కూడా చేస్తున్నారు. కానీ మేయర్ అత్యవసర అధికారాల సంగతి వచ్చేసరికి చాలామంది రెండు కొసల్లో ఏదో ఒకటి నమ్ముతున్నారు. మేయర్ ఏమైనా చేయగలడని కొందరు, రిబ్బన్ కత్తిరించడం తప్ప ఏమీ చేయలేడని కొందరు. అసలు సంగతి మీ ఊరి కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాన్ని ఎలా చదవాలో, లోపం ఉంటే ఎలా తిరగరాయాలో టెక్సస్‌ను ఆధారంగా చేసుకుని చెబుతాను. వేరే రాష్ట్రంలో ఉంటే అంకెలు మారతాయి, వరుస మాత్రం ఇదే పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. ఇండియాలో ఆర్డినెన్స్ అంటే చట్టసభ సమావేశాల్లో లేనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీ చేసేది. అమెరికా నగరాల్లో ఆర్డినెన్స్ అంటే కౌన్సిల్ చర్చించి, ఓటు వేసి చేసిన స్థానిక చట్టం. ఈ వ్యాసంలో ఆ మాటను రెండో అర్థంలోనే వాడుతున్నాను.

మొదటి అడుగు: అధికారం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

అమెరికాలో నగరానికి సొంతంగా పుట్టిన అధికారం లేదు. రాష్ట్రం ఇచ్చిందే ఉంటుంది. ఈ సంగతిని అమెరికా సుప్రీంకోర్టు 1907లో పిట్స్‌బర్గ్ కేసులో తేల్చేసింది. టెక్సస్‌లో 1912 నాటి రాజ్యాంగ సవరణ ప్రకారం, 5,000 దాటిన జనాభా ఉన్న ఊరు ఓటర్ల ఆమోదంతో తన చార్టర్‌ను, అంటే నగర పాలనకు మూల పత్రాన్ని, తానే రాసుకోవచ్చు. దీన్ని హోమ్ రూల్ అంటారు. అయినా రాష్ట్ర చట్టం గీసిన గీత దాటడానికి వీల్లేదు.

కాబట్టి మూడు కాగితాలు బల్ల మీద పెట్టుకోండి. ఒకటి రాష్ట్ర విపత్తు చట్టం. టెక్సస్‌లో అది 1975 నాటి విపత్తు చట్టం, ఇప్పుడు గవర్నమెంట్ కోడ్ 418వ అధ్యాయం. రెండోది మీ ఊరి చార్టర్. మూడోది ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ మీద మీ కౌన్సిల్ చేసిన ఆర్డినెన్స్. చివరి రెండూ నగర వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, లేకపోతే సిటీ సెక్రటరీ కార్యాలయంలో అడగండి, ఇస్తారు.

చార్టర్‌లో ముందు వెతకాల్సింది మీ ఊరి పాలన తరహా. హ్యూస్టన్‌లో మేయరే కార్యనిర్వాహక అధిపతి. డాలస్‌లోనూ, చుట్టుపక్కల చాలా ఊళ్లలోనూ రోజువారీ పాలన కౌన్సిల్ నియమించే సిటీ మేనేజర్‌ది. మేయర్ కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, అందరిలాగే ఒక ఓటు వేస్తారు. విచిత్రం ఏమిటంటే మామూలు రోజుల్లో ఒక గుమాస్తాను కూడా బదిలీ చేయలేని ఆ మేయరే, 418.108 సెక్షన్ కింద స్థానిక విపత్తు ప్రకటించగలరు. చాలా ఊళ్లలో గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. సంతకం మేయర్‌ది, సిబ్బంది మేనేజర్ మాట వింటారు. ఆ ఇద్దరి మధ్య గీత ఆర్డినెన్స్‌లో స్పష్టంగా ఉండాలి: ప్రకటించేది మేయర్, అమలు చేసేది మేనేజర్, ఉత్తర్వులు వెళ్లేది మేనేజర్ ద్వారానే.

హైదరాబాద్, విజయవాడ అలవాటుతో ఆలోచించేవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ కార్యనిర్వాహక అధికారం మున్సిపల్ కమిషనర్‌ది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా విపత్తు సంస్థకు అధ్యక్షుడు కలెక్టర్. 2025 సవరణతో పెద్ద నగరాలకు విడిగా పట్టణ విపత్తు సంస్థ పెట్టుకునే వీలు వచ్చింది, దానికీ అధ్యక్షుడు కమిషనరే. వరద వస్తే మేయర్ బోటెక్కి పరామర్శించగలరే తప్ప ఊరు ఖాళీ చేయమని చట్టబద్ధంగా ఆజ్ఞాపించేది వేరేవాళ్లు. టెక్సస్‌లో ఆ ఆజ్ఞ మీరు ఓటు వేసిన మనిషి నోటి నుంచే వస్తుంది. అందుకే దాని హద్దులు రాసుకునే బాధ్యత కూడా మనదే.

రెండో అడుగు: ఏది విపత్తు అవుతుందో నిర్వచించండి

టెక్సస్ చట్టంలో నిర్వచనం పెద్దది. తుపాను, వరద, అగ్నిప్రమాదం, అంటువ్యాధి, తీవ్రమైన ఎండ, అల్లర్లు, సైబర్ దాడి అన్నీ అందులో ఉన్నాయి. సైబర్ దాడిని తీసేయాలని మా కమిటీలో ఒకరు అన్నారు. 2023 మే నెలలో డాలస్ నగర కంప్యూటర్లను రాన్సమ్‌వేర్ (డబ్బు ఇస్తేనే వదిలే హానికర సాఫ్ట్‌వేర్) పట్టుకుని, పోలీసులను పంపే వ్యవస్థ కూడా దెబ్బతిన్నాక ఎవరూ ఆ మాట అనరు.

రాష్ట్ర నిర్వచనాన్ని ఆర్డినెన్స్‌లోకి యథాతథంగా తీసుకోండి. దానికి రెండు షరతులు కలపండి. ఒకటి, ప్రమాదం జరిగి ఉండాలి, లేదా ముంచుకొస్తూ ఉండాలి. రెండు, నగరం మామూలు ఏర్పాట్లతో దాన్ని ఎదుర్కోలేని స్థితి ఉండాలి. ఈ రెండో షరతు లేకపోతే ఏళ్లుగా నానుతున్న సమస్యలన్నీ అత్యవసరం పేరుతో లోపలికి వచ్చేస్తాయి. లాస్ ఏంజెలెస్ మేయర్ కరెన్ బాస్ 2022 డిసెంబర్ 12న, పదవిలో మొదటి రోజే, ఇళ్లు లేనివారి సమస్య మీద ఎమర్జెన్సీ ప్రకటించారు. పనులు వేగంగా జరగాలన్న ఆమె తపన నాకు అర్థమవుతుంది. మనుషులు వీధుల్లో చనిపోతున్నారు. అయినా దీర్ఘకాలిక సమస్యకు అత్యవసర అధికారం వాడాలనుకునే ఊరు ఆ మాట నిర్వచనంలో బాహాటంగా రాసుకుని, కౌన్సిల్ చేత ఓటు వేయించుకోవాలి. సాగదీసిన అర్థంతో తీసుకోకూడదని నా అభిప్రాయం.

ప్రకటనలో వాస్తవాలు రాయాలన్న నియమం కూడా ఇక్కడే పెట్టండి. దీనికి మంచి ఆధారం ఉంది. 1969లో నార్త్ కరోలినాలోని యాష్‌విల్‌లో ఒక హైస్కూల్ దగ్గర గొడవ జరిగింది. మేయర్ ఎమర్జెన్సీ ప్రకటించి కర్ఫ్యూ పెట్టారు. కేసు ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్లింది. 1971లో కోర్టు రెండే చూసింది: మేయర్ మంచి ఉద్దేశంతో చేశారా, ఈ ఆంక్షలు అవసరమని నమ్మడానికి వాస్తవమైన ఆధారం ఏదైనా ఉందా. ఉందని తేల్చి కర్ఫ్యూను సమర్థించింది. కాబట్టి ‘నగర క్షేమం దృష్ట్యా’ అని రాసి వదిలేస్తే చాలదు. ఏ వాగు ఎన్ని అడుగులకు చేరింది, వాతావరణ శాఖ ఏ హెచ్చరిక ఏ గంటకు ఇచ్చింది, ఎన్ని వీధులకు కరెంటు లేదు, ఇవి ఉండాలి.

మూడో అడుగు: మేయర్ ఊళ్లో లేకపోతే?

2025 జనవరి 7న పాలిసేడ్స్ మంటలు అంటుకున్నప్పుడు కరెన్ బాస్ ఘనాలో ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో మేయర్ రాష్ట్రం దాటితే కౌన్సిల్ అధ్యక్షుడు తాత్కాలిక మేయర్ అవుతారు కాబట్టి కుర్చీ ఖాళీగా లేదు. మీ ఊరి ఆర్డినెన్స్‌లో కనీసం ముగ్గురి వరుస ఉండాలి: మేయర్, తర్వాత మేయర్ ప్రో టెమ్ (మేయర్ లేనప్పుడు ఆ బాధ్యత చూసే కౌన్సిల్ సభ్యుడు), తర్వాత సీనియారిటీ ప్రకారం కౌన్సిల్ సభ్యుడు. ‘అందుబాటులో లేకపోవడం’ అంటే ఏమిటో కూడా రాయండి. ఫోన్‌కు గంటలోపు దొరకకపోతే చాలు అని మేం రాశాం. మేయర్ తిరిగి అందుబాటులోకి వచ్చిన క్షణంలో అధికారం ఆయనకే తిరిగి వెళ్తుందన్న వాక్యం మర్చిపోకండి.

నాలుగో అడుగు: అధికారాలను ఒక్కొక్కటిగా రాయండి

మొత్తం పనిలో కష్టమైనది ఇదే. ముసాయిదాల్లో సాధారణంగా ఐదారు అధికారాలు రాసి, చివర ‘అవసరమని మేయర్ భావించిన ఇతర చర్యలు’ అని తగిలిస్తారు. ఆ ఒక్క వాక్యంతో పైన రాసినదంతా వృథా. మా దగ్గర దాన్ని తీసేయడానికే రెండు సమావేశాలు పట్టాయి. ఊహించని పరిస్థితి వస్తే ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి మేం రాసుకున్న జవాబు ఇది: జాబితాలో లేని చర్య ప్రాణాలు కాపాడటానికి కావాలంటే మేయర్ తీసుకోవచ్చు, కానీ 24 గంటల్లో కౌన్సిల్ అత్యవసర సమావేశం పెట్టి ఆమోదం పొందాలి. టెక్సస్ బహిరంగ సమావేశాల చట్టం నిజమైన అత్యవసరంలో గంట ముందు నోటీసుతోనే సమావేశాన్ని అనుమతిస్తుంది. కాబట్టి టైమ్ లేదన్న మాట నిలవదు.

ఊరు ఖాళీ చేయించడం. టెక్సస్ చట్టం ఈ అధికారాన్ని మేయర్‌కు నేరుగా ఇస్తుంది: ప్రాణరక్షణకు అవసరమైతే, ప్రమాదం ఉన్న ప్రాంతంలో. ఇక్కడ ‘చేయవచ్చు’ అని రాయండి, ‘చేయాలి’ అని రాయకండి. కత్రినా జరిగిన నెల తిరగకుండానే రీటా తుపాను వచ్చింది. హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. ఎండలో గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇంధనం అయిపోయి చాలామంది చనిపోయారు. డాలస్ దగ్గర విల్మర్‌లో ఒక బస్సు మంటల్లో చిక్కుకుని 23 మంది వృద్ధులు కాలిపోయారు. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు మేయర్ సిల్వెస్టర్ టర్నర్ ఊరు ఖాళీ చేయమని చెప్పకపోవడానికి ఆ జ్ఞాపకం పెద్ద కారణం. ఆయన నిర్ణయం మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ నిర్ణయం తీసుకునే వెసులుబాటు మనిషికే ఉండాలి, కాగితానికి కాదు. కాగితం చేయాల్సిన పని వేరు: తరలింపు ఉత్తర్వుతో పాటే బస్సులు ఎక్కడి నుంచి బయల్దేరతాయి, కదల్లేనివారిని ఎవరు తీసుకెళ్తారు, పెంపుడు జంతువుల సంగతి ఏమిటి అన్నవి ప్రకటించాలని షరతు పెట్టాలి.

రాకపోకల నియంత్రణ. దీన్నీ రాష్ట్ర చట్టం ఇస్తుంది. ఇంటి యజమాని గుర్తింపు చూపి మందులు, పత్రాలు తెచ్చుకునే వీలు ఉంచండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు ఇంట్లో వదిలి వచ్చిన కుటుంబం టెన్షన్ ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

కర్ఫ్యూ. ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఏ వీధుల మధ్య, ఎవరికి మినహాయింపు, మూడూ ఉండాలి. హార్వీ సమయంలో హ్యూస్టన్ కర్ఫ్యూ అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు. 1992లో ఆండ్రూ తుపాను తర్వాత మయామి ప్రాంతంలో పెట్టిన కర్ఫ్యూను కోర్టు 1996లో సమర్థించింది. మినహాయింపుల్లో నర్సులు, డాక్టర్లు సరే. రాత్రి షిఫ్టు గ్యాస్ స్టేషన్ ఉద్యోగులు, ట్రక్కు డ్రైవర్లు, ఇల్లు లేనివారు, ఇంట్లో హింస నుంచి పారిపోతున్నవారు కూడా ఉండాలి. వీళ్లను సాధారణంగా మర్చిపోతారు.

కొనుగోళ్లు. టెక్సస్ లోకల్ గవర్నమెంట్ కోడ్ 252.022 ప్రకారం విపత్తు వేళ టెండర్ లేకుండా కొనవచ్చు. డాలర్ల పరిమితి పెట్టండి, అది దాటితే కౌన్సిల్ ఆమోదం కావాలనండి. ప్రతి ఒప్పందాన్నీ తర్వాతి సమావేశంలో బయటపెట్టాలనండి.

ఇక చేయకూడనివి. ఈ జాబితా కూడా పై జాబితా అంత స్పష్టంగా ఉండాలి. తుపాకులు స్వాధీనం చేసుకోకూడదు. కత్రినా తర్వాత న్యూ ఓర్లీన్స్‌లో అలా చేశారని 2006లో ఫెడరల్ చట్టమే వచ్చింది. ప్రార్థనలు ఆపకూడదు. టెక్సస్ ఓటర్లు 2021 నవంబర్‌లో మత కార్యక్రమాలను నిషేధించే, పరిమితం చేసే ఉత్తర్వులు ప్రభుత్వాలు ఇవ్వకూడదని రాజ్యాంగాన్నే సవరించారు. అది చర్చికి ఎంతో మన గుడికీ అంతే. వార్తలను, పోలీసులను వీడియో తీయడాన్ని నిషేధించకూడదు. ఎన్నికలు వాయిదా వేయకూడదు. బలప్రయోగ నియమాలను మార్చకూడదు. ఈ చివరిది ఎందుకంటే, 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత షికాగోలో మంటలు చెలరేగినప్పుడు నిప్పుపెట్టేవారిని చంపేలా కాల్చమని పోలీసులకు చెప్పానని మేయర్ రిచర్డ్ డేలీ బాహాటంగా అన్నారు. ఆ కోపం ఏ మేయర్‌కైనా రావచ్చు. అది ఉత్తర్వుగా మారే దారి మాత్రం ఉండకూడదు.

ఐదో అడుగు: గడియారం

ఈ వ్యాసంలో మీకు ఒక్కటే గుర్తుంటుందనుకుంటే, ఇది గుర్తుంచుకోండి. ఎవరూ ఏమీ చేయకపోతే అధికారం కొనసాగుతుందా, ముగుస్తుందా? జవాబు ‘ముగుస్తుంది’ అని ఉండాలి.

టెక్సస్‌లో మేయర్ ప్రకటన కౌన్సిల్ సమ్మతి లేకుండా 7 రోజులు దాటి నిలవదు. కాలిఫోర్నియాలో అధికారి చేసిన ప్రకటనను 7 రోజుల్లో పాలకమండలి ధ్రువీకరించాలి, ఆ తర్వాత 60 రోజులకోసారైనా సమీక్షించాలి. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు గడియారాలు. ఎమర్జెన్సీ ప్రకటన 30 రోజుల వరకు ఉంటుంది, దాని కింద ఇచ్చే ఒక్కో ఉత్తర్వు 5 రోజులకే గడువు తీరిపోతుంది. కావాలంటే మళ్లీ ఇవ్వాలి. నాకు ఈ రెండు గడియారాల పద్ధతి బాగా నచ్చింది. వరద తీశాక కూడా సహాయ నిధుల కోసం ప్రకటన నెలల పాటు నిలవాల్సి రావచ్చు. కర్ఫ్యూ మాత్రం అన్నాళ్లు ఉండక్కర్లేదు. రెండింటినీ ఒకే తాడుకు కడితే నిధుల కోసం కర్ఫ్యూను భరించాల్సి వస్తుంది.

టెక్సస్ చట్టం కౌన్సిల్ పొడిగింపుకు గరిష్ఠ పరిమితి చెప్పదు. ఈ ఖాళీని మీ ఆర్డినెన్స్ పూరించాలి. మేం ఇలా రాశాం:

‘మేయర్ ప్రకటన సంతకం చేసిన క్షణం నుంచి 7 రోజులకు దానంతట అదే ముగుస్తుంది. కౌన్సిల్ బహిరంగ ఓటుతో ఒక్కోసారి 30 రోజులకు మించకుండా పొడిగించవచ్చు. ముగిసిన ప్రకటనను కొత్త వాస్తవాలు లేకుండా మేయర్ మళ్లీ జారీ చేయరాదు. కౌన్సిల్ మెజారిటీతో ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. ఆంక్షలు విధించే ఒక్కో ఉత్తర్వు 5 రోజులకు ముగుస్తుంది.’

మూడో వాక్యం చిన్నదే, కానీ అది లేకపోతే ప్రతి 7 రోజులకూ ఒక కొత్త సంతకంతో కౌన్సిల్‌ను పక్కన పెట్టేయవచ్చు.

ఆరో అడుగు: జనానికి తెలియజేయడం

ప్రకటనను వెంటనే విస్తృతంగా ప్రచారం చేయాలని, సిటీ సెక్రటరీ దగ్గర దాఖలు చేయాలని టెక్సస్ చట్టం చెబుతుంది. ‘విస్తృతంగా’ అంటే ఏమిటో మీరు రాయండి: ఫోన్ సందేశం, వెబ్‌సైట్, రేడియో, ఆశ్రయ కేంద్రాల తలుపుల మీద కాగితం. ఊళ్లో ఎక్కువగా మాట్లాడే భాషల్లో సారాంశం ఉండాలనండి. 1964 పౌరహక్కుల చట్టం కింద, ఫెడరల్ నిధులు తీసుకునే నగరం ఇంగ్లిష్ రానివారికీ సమాచారం అందేలా తగిన ఏర్పాటు చేయాలని ఫెడరల్ ప్రభుత్వం 2025 వరకు కోరుతూ వచ్చింది. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఫోన్‌లో ఇంగ్లిష్ హెచ్చరిక మోగితే వాళ్లకు శబ్దం తప్ప ఏమీ అర్థం కాదు. ఇలాంటి పదిహేను సందేశాలను ముందే తెలుగులోకి రాసి నగరానికి ఇస్తామని మీ ఊరి తెలుగు సంఘం ముందుకు రావచ్చు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏడో అడుగు: కౌంటీ, రాష్ట్రంతో పేచీ వస్తే

టెక్సస్‌లో కౌంటీ (జిల్లా లాంటిది) పాలనకు ఎన్నికైన అధిపతిని కౌంటీ జడ్జి అంటారు. తరలింపు, రాకపోకల విషయంలో మేయర్ మాటకూ కౌంటీ జడ్జి మాటకూ తేడా వస్తే కౌంటీ జడ్జి మాటే చెల్లుతుంది. ఇద్దరి కన్నా పైన గవర్నర్. కోవిడ్ కాలంలో మాస్కుల మీద ఈ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. స్థానిక మాస్కు ఆదేశాలను నిషేధించే అధికారం గవర్నర్‌కు ఉందని టెక్సస్ సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. జార్జియాలో 2020 జూలైలో అట్లాంటా మేయర్ మీద గవర్నర్ దావా వేసి, ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. నగరం ఈ పోరులో గెలవడం అరుదు. ‘రాష్ట్ర, కౌంటీ ఉత్తర్వులతో విభేదించే భాగం మాత్రమే చెల్లదు, మిగతాది అమల్లో ఉంటుంది’ అన్న వాక్యం చాలు.

ఎనిమిదో అడుగు: డబ్బు, శిక్ష

అమెరికా అధ్యక్షుడు విపత్తు ప్రకటిస్తే, ఫెడరల్ విపత్తు సహాయ చట్టమైన స్టాఫర్డ్ చట్టం కింద అర్హమైన ఖర్చులో కనీసం 75 శాతం ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. ఆ డబ్బు రావాలంటే ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఏ యంత్రం ఎక్కడ వాడారు, ఎందుకు టెండర్ లేకుండా కొన్నారు అన్న రికార్డు మొదటి రోజు నుంచే ఉండాలి. ఆ బాధ్యత ఒక అధికారి హోదాకు అప్పగించండి.

శిక్ష విషయానికి వస్తే రాష్ట్ర చట్టం గరిష్ఠంగా 1,000 డాలర్ల జరిమానా లేదా 180 రోజుల జైలు వరకు అనుమతిస్తుంది. మీరు అంతదాకా వెళ్లనక్కర్లేదు. ముందు హెచ్చరిక, తర్వాత జరిమానా అని రాసుకోండి. ఒక్క విషయం మర్చిపోవద్దు, చిన్న కేసు కూడా వీసా మీద ఉన్నవారికి పెద్ద చిక్కు తెస్తుంది.

చివరి అడుగు: కౌన్సిల్‌కు తీసుకెళ్లడం, పరీక్షించడం

ముసాయిదాను ముందు సిటీ అటార్నీకి పంపండి, తర్వాత మీ వార్డు సభ్యుడితో కూర్చోండి. సమావేశం రోజు పేరు నమోదు చేసుకుంటే మాట్లాడటానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. అంతా చెప్పబోకండి, ఐదో అడుగులోని గడియారం గురించి మాత్రం చెప్పండి. ఎండ కాస్తున్న నెలల్లో వెళ్లండి. సుడిగాలి వచ్చి వెళ్లిన మర్నాడు ఎవరూ హద్దుల గురించి వినరు.

ఆమోదం పొందాక ఏడాదికోసారి ఉత్తుత్తి పరీక్ష పెట్టమని అడగండి. మేం పెట్టిన పరీక్ష ఇది: శనివారం రాత్రి రెండు గంటలు, సుడిగాలి ఊరి ఉత్తర భాగాన్ని తాకింది, మేయర్ విమానంలో ఉన్నారు, సిటీ హాల్‌లో కరెంటు లేదు, ప్రకటన నమూనా సర్వర్‌లో ఉంది. ఎవరు సంతకం పెడతారన్నదానికి అందరూ జవాబు చెప్పగలిగారు. దేని మీద సంతకం పెడతారంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మర్నాడే సిటీ సెక్రటరీ ఖాళీ నమూనాలు ప్రింట్ తీయించి, ఒక పెన్నుతో సహా మూడు ఫైర్ స్టేషన్లలో పెట్టించారు.